ఎండాకాలంలో హీటర్ వేసిన మేనల్లుడు

మా ఇంట్లో నలుగురు కూడిన చోట, భోజనాలయ్యాక, తిన్నది అరగడానికి చెప్పుకునే కథ ఒకటి ఉంది. అందులో తెలివితక్కువవాడి వేషం నాది. చెప్పే ప్రతి ఒక్కరూ దానికి ఇంత చేర్చుకుంటూ పోతున్నారు. మొన్న మా చిన్నమ్మ చెప్పినదాంట్లో అయితే నేను మేనత్తకు కారులో రగ్గు కూడా కప్పానట. ఇలాగే వదిలేస్తే ఇంకో రెండు పెళ్ళిళ్ళు దాటేసరికి ఆమె కింద పొయ్యి కూడా పెడతారు. అందుకే జరిగింది జరిగినట్టు నేనే రాసేస్తే కాస్తయినా పరువు దక్కుతుందని కూర్చున్నాను. దక్కదని మా ఆవిడ అంటోంది.

సంగతి ఇదీ. మే నెలలో, పాలమూరు ఎండలో, వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ అవతలి మా ఊరి దాకా, పట్టుచీర కట్టుకున్న మా మేనత్తను పక్కన కూర్చోబెట్టుకుని, కారులో హీటర్ చివరంటా తిప్పి తీసుకుపోయిన మొనగాణ్ణి నేనే. ఏసీ కాదు, హీటరే. ఎందుకు వేశావురా నాయనా అని మీరడుగుతారు. అడగండి. ఇన్నేళ్ళలో అడగని మనిషి లేడు.

గద్వాలలో నాకొక జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ మిషన్లు బడికి పోనని మొండికేసే పిల్లల్లాంటివి. సరిగ్గా పరీక్షల కాలం చూసుకుని మొరాయిస్తాయి. బాగుచేసే మనిషి కర్నూలు నుంచి రావాలి. ఆయన వచ్చేలోపు నేనే మూత తీసి, ఏదో ఒకటి లాగి, ఏదో ఒకటి నెట్టి నడిపించేవాణ్ణి. అలా నాలుగుసార్లు అదృష్టం కలిసొచ్చేసరికి నాకొక గట్టి నమ్మకం ఏర్పడింది. లోకంలో ఏ వస్తువు చెడిపోయినా సరే, మూత తీసి లాగి నెడితే బాగవుతుందని. ఈ నమ్మకంతోనే ఒక పాత తెల్ల కారు కొన్నాను.

కారు మంచిదే. ఒక్కటే లోపం. స్టీరింగ్ వెనక గడియారాల్లాంటివి ఉంటాయి కదా, వాటిలో చిన్నది ఇంజన్ ఎంత వేడెక్కిందో చెబుతుంది. చల్లగా ఉంటే ముల్లు కింద సి అక్షరం దగ్గర ఉంటుంది. ఇంజన్ కాగిపోతే పైన హెచ్ అక్షరం దాకా పోతుంది. మామూలుగా నడిచే బండిలో నడుమ నిలబడాలి. నా కారులో మాత్రం అది సి దగ్గర పడుకుని, అయిజ పోయినా రాజోలి పోయినా లేచేది కాదు. వేరేవాళ్ళయితే మెకానిక్ దగ్గరికి పోతారు. నేను ఫోన్‌లో వీడియోలు పెట్టుకున్నాను.

ఇక్కడ కాసేపు కారును పక్కన పెట్టి మా అత్త గురించి చెప్పాలి. చెప్పకపోతే ఆ రోజు మేము పోయింది ఎంత పెద్ద పని మీదో మీకు తెలియదు.

బాలమ్మత్త మా నాన్నకు అక్క. అయిజలో ఉంటుంది. ఎత్తు మనిషి కాదు, గొంతు కూడా పెద్దది కాదు. అయినా ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడితే అక్కడున్న మగవాళ్ళు కాళ్ళు మడుచుకుని సరిగ్గా కూర్చుంటారు. విత్తనాల పత్తి చేలో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్ది పూలు దాటించే పని మొదలైతే, తెల్లారేసరికి కూలీలకంటే ముందు తనే మడిలో ఉంటుంది. ఎవరికి కడుపు నొప్పో, ఎవరింట్లో పంచాయితీయో మొహం చూసి చెబుతుంది. చిన్నప్పుడు వేసవి సెలవులకు నన్ను అయిజ పంపితే, నేను చేసిన దొంగపనులన్నీ కనిపెట్టి కూడా సగం కనిపెట్టనట్టు ఊరుకునేది. ఆమె అంటే నాకు అప్పుడూ భక్తే, ఇప్పుడూ భక్తే.

అలాంటి అత్త నా పెళ్ళికి రాలేదు. మా వైపు ఇంటి ఆడబిడ్డను పెళ్ళికి పిలవాలంటే మనిషి పోవాలి, గడపలో నిలబడి బొట్టు పెట్టి రమ్మనాలి. మా నాన్న పెళ్ళి పనుల హడావుడిలో, అయిజ పోయే వాళ్ళెవరో కనబడితే వాళ్ళ చేతికి కార్డిచ్చి పంపించాడు. అత్త ఆ కార్డు తీసుకుని గూట్లో పెట్టి తన పని తాను చూసుకుంది. తన ఇంటి పెళ్ళికి తనకు పిలుపెందుకని నాన్న. తన తమ్ముడికి అయిజ దాకా రావడానికి కాళ్ళు లేవా అని అత్త. ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరిదీ ఒకే రక్తం. దాంతో మాటలు ఆగిపోయాయి. వాటితో పాటు ఒడిబియ్యం కూడా ఆగిపోయింది.

ఒడిబియ్యం అంటే మా దగ్గర చిన్న సంగతి కాదు. కొన్నేళ్ళకోసారి పుట్టింటివాళ్ళు ఆడబిడ్డను పిలిచి, భర్త పక్కన పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం కొబ్బరికుడుకలతో, రవికగుడ్డతో ఒడిలో పోస్తారు. బియ్యం లేక కాదు. ఈ ఇల్లు ఇంకా నీదేనమ్మా అని చెప్పడానికి. అయిజలో అత్త ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ప్రతి ఎండాకాలం పుట్టిళ్ళకు పోయి ఒడి నింపుకొచ్చి, ఆ బియ్యం వండి వాడకట్టంతా పిలిచి పెట్టేవాళ్ళు. అత్త కూడా పోయి తినేది. తిని ఇంటికొచ్చి, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడకుండా గింజలు చెరుగుతూ కూర్చునేదట. ఈ సంగతి ఆమె భర్త, మా మామ, నాతో చెప్పాడు. చెప్పి, నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పకు అన్నాడు.

ఆ ఎండాకాలం మా నాన్న ఉన్నట్టుండి అక్కకు ఒడిబియ్యం పోద్దామన్నాడు. అన్నాడు గానీ మళ్ళీ తను కదల్లేదు. మా ఆవిడ సుజాత అయిజ పోయి బొట్టు పెట్టి వచ్చింది. అత్త ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని, "కోడలు బొట్టు వెట్టింది గనక వస్త. మీ మామ మొకం జూసి గాదు," అందట. మోకాళ్ళ నొప్పులతో అయిజ మామ కదలలేకపోతే, ఆయన బట్టలు పక్క పీట మీద పెట్టి కానిద్దామని నాన్నే కబురు పంపాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పొద్దు నడినెత్తికి రాకముందే రావాలి, ఆ తర్వాత ఘడియ మంచిది కాదు. "గప్పటికి రాకుంటే ఇగ రాదనే అనుకుంట," అని నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

అత్తను బస్సులో పంపిస్తానని మామ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళ తర్వాత పుట్టింటికి పోయే మనిషి బస్సు దిగి సంచీ పట్టుకుని నడిచి పోతుందా. మేనల్లుడి కారులో, వాకిలి ముందు దిగాలి. కారు కూడా నలుగురి ముందు గౌరవంగా ఉండాలి. అందుకని ముందు రోజు ఆ ముల్లు సంగతి తేల్చేయాలని కూర్చున్నాను.

వీడియోలో మీసాలాయన చెప్పిన పద్ధతి చాలా తేలిక. ఇంజన్‌కు ఒక చిన్న సెన్సార్ ఉంటుంది, దానికి ఒక వైరు తగిలించి ఉంటుంది. తాళం తిప్పి పెట్టి, ఆ వైరు పీకి ఇంజన్ ఇనుముకు తాకించాలి. ముల్లు సర్రున హెచ్ దాకా లేస్తే ముల్లూ మంచిదే, వైరూ మంచిదే, చెడిపోయింది సెన్సార్. సుజాతను లోపల కూర్చోబెట్టి వైరు తాకించాను. లేచింది అంది. తీశాను. పడింది అంది. మళ్ళీ తాకించాను. మళ్ళీ లేచింది. రోగం దొరికినందుకు నాకు ఎంత సంతోషమైందంటే, ఊరికే ఇంకో పదిసార్లు తాకించి చూసుకున్నాను. కొత్త సెన్సార్ తెచ్చి బిగించాను.

అంతవరకూ ఆగి ఉంటే ఈ కథ లేదు. వైరు పీకేటప్పుడు దాని చివర ఉండే క్లిప్పు విరిగి నా చేతిలోకి వచ్చింది. ఇంకో క్లిప్పు కోసం ఎవరు పోతారు. వైరు తోలు పళ్ళతో కొరికి, రాగి తీగను బారెడు బయటికి లాగి, సెన్సార్ చుట్టూ తిప్పి, పైన నల్లటేపు చుట్టాను. బండి స్టార్ట్ చేస్తే ముల్లు మెల్లగా లేచి నడుమ నిలబడింది. నా అంతటివాడు గద్వాలలో లేడనుకున్నాను. పాఠకులు దయచేసి ఆ టేపు మీద ఒక కన్నేసి ఉంచండి. నేను ఉంచలేదు.

మర్నాడు పొద్దున్నే, వంట పనులకని సుజాతను బస్సులో మా ఊరికి పంపి, అయిజలో అత్తను ఎక్కించుకున్నాను. పట్టు అంచు గద్వాల చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని, ఒళ్ళో మజ్జిగ సీసా పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. గద్వాల దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఊరికే ఉండలేక నేనే ముల్లు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. సెన్సార్ అంటే ఏంది, వైరు అంటే ఏంది, మీసాలాయన ఎవరు, అన్నీ చెప్పాను. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరి పడింది. ముల్లు కూడా ఎగిరింది. కానీ పడలేదు.

"సీనూ, నీ ముల్లు బాగ లేసిందిరా," అంది అత్త.

చూస్తే హెచ్ అక్షరాన్ని దాటి గోడకు ఆనుకుని ఉంది. ఇంజన్ కాగిపోతోంది, ఇంకాస్త దూరం పోతే పగిలిపోతుంది. కారు పక్కకు లాగి బానెట్ ఎత్తాను. చేతికి తువ్వాలు చుట్టుకుని, మొహం అవతలికి తిప్పి, బాంబు మూత తీస్తున్నట్టు రేడియేటర్ మూత తీశాను. ఆవిరి రాలేదు. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. బుద్ధున్నవాడయితే అక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను కూడా ఆలోచించాను. ఆవిరి బయటికి రావడం లేదంటే లోపలే బిగుసుకుపోయి ఉంటుందని తేల్చాను.

ఒక్క సంగతి గమనించండి. ముందు రోజు ఇదే ముల్లును, ఇదే వైరు ఇనుముకు తాకించి, నా చేత్తో నేను పది పన్నెండుసార్లు లేపాను. తీగ ఇనుముకు తగిలితే ముల్లు హెచ్‌కు పోతుందని లోకంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి ఆ రోజు నేనే. అయినా అది నాకు తట్టలేదు. నేను చేసిన రిపేరు చెడిపోవడమనేది నా ఊహకు అందని విషయం.

బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటాక మళ్ళీ ఆపాను. తాళం తీసేస్తే ముల్లు పడిపోతుంది, చల్లారిందని సంతోషిస్తాను. తాళం తిప్పగానే మళ్ళీ పైకి పోతుంది. నేను రేడియేటర్ మీద బయట నుంచి నీళ్ళు కుమ్మరిస్తున్నాను. అత్త మాత్రం ఏ తొందరా లేనట్టు దిగి, నది వైపు తిరిగి దండం పెట్టుకుని, చాలాసేపు అలాగే నిలబడింది. పెబ్బేరులో ఆపేసరికి తెచ్చుకున్న నీళ్ళన్నీ అయిపోయాయి. ఇంకేం పోయాలో తెలియక ఆమె ఒళ్ళో ఉన్న సీసా వైపు చూశాను.

"మజ్జిగ పోస్తె ఏమైతదంటవ్ అత్తా?"

"దానికి పడిశం వడ్తది. నువ్వు తాగు," అంది.

తాగాను. తాగుతూ ఫోన్‌లో మళ్ళీ మీసాలాయనను వెతికాను. ఇంజన్ కాగిపోతుంటే, దగ్గర్లో మెకానిక్ లేకపోతే, హీటర్ పూర్తిగా వేయండి అన్నాడాయన. ఇంజన్‌లోని వేడిని హీటర్ లాక్కుని లోపలికి వదులుతుంది, ఇంజన్ బతుకుతుంది. మనుషుల సంగతి ఏమవుతుందో ఆయన చెప్పేలోపు నా ఫోన్ చచ్చిపోయింది. పొద్దున్నుంచి వీడియోలే కదా మరి. ఈ ఎండలో హీటరా అని అప్పటికి వేయలేదు.

అప్పటికే పొద్దు బాగా పైకెక్కింది. ఆలస్యమవుతుందని ఇంటికి చెబుదామని అత్తను ఫోన్ అడిగాను. ఆమె ఇవ్వలేదు. "నేను ఫోన్ జేసి వస్తున్న వస్తున్న అని చెప్పుకోవాల్నా? పిలిచినోడు అడగాలె, అక్కా యాడున్నవని," అంది. తర్వాత తెలిసిందేమిటంటే, అదే సమయానికి మా ఊళ్ళో అమ్మ అత్తకు ఫోన్ కలపబోతే నాన్న లాగేసుకున్నాడట. వచ్చే మనిషి అయితే తనే చేస్తుందని. నేను ముందే చెప్పాను, ఒకే రక్తమని.

వనపర్తి చేరేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. ఊళ్ళో మెకానిక్‌లు ఉన్నారు గానీ, నా రిపేరును ఇంకొకడికి చూపించడానికి మనసొప్పలేదు. ఒక హోటల్ ముందు ఆపి నీళ్ళకోసం లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి అత్త కారు ముందు నిలబడి బానెట్ మీద అరచెయ్యి వేసి ఉంది. దుమ్ము తుడుస్తోంది కాబోలు అనుకున్నాను. ఎండ సరిగ్గా మాడు మీదికి రాబోతోంది. ఇక్కణ్ణుంచి ఎంత తోలినా మంచి ఘడియకు చేరం. చేరకపోతే నాన్న లోపలికి పోయి కూర్చుంటాడు. ఈమె గడప బయట నుంచే తిరిగి వస్తుంది. దానికంటే ఇప్పుడే మర్యాదగా తిరిగిపోవడం మేలు కదా అనిపించింది. తప్పంతా బండిది అని చెప్పుకోవచ్చు.

"అత్తా, బండి సూస్తె గిట్ల ఉన్నది. పొద్దు గూడ వోయింది. వెనక్కి పోదమా? నాయనకు నేను చెప్త."

ఆమె బానెట్ మీద చెయ్యి తీయలేదు. రోడ్డు అటు గద్వాల వైపు చూసింది, ఇటు నాగర్‌కర్నూల్ వైపు చూసింది. నా జీవితంలో ఆమె జవాబు వెతుక్కోవడం చూసింది అప్పుడొక్కసారే.

"నడువ్," అని వచ్చి సీట్లో కూర్చుంది.

నేను హీటర్ తిప్పాను.

అది ఎలా ఉంటుందో రాయడానికి నాకు శక్తి లేదు గానీ ప్రయత్నిస్తాను. బయట వడగాలి. అద్దాలు దించితే అది మొహాన కొడుతోంది. ఎత్తితే లోపలి గాలి కాళ్ళ దగ్గర మొదలై మెడ దాకా వస్తోంది. రొట్టెల పెనం మీద కూర్చున్నట్టుంది. గోపాల్‌పేట దాటేసరికి నా చొక్కా పిండితే ఒక చెంబు నిండేది. స్టీరింగ్ పట్టుకుంటే కాలుతోంది, వదిలితే కారు పక్కకు పోతోంది. దారిలో గొర్లు కాసే పెద్దమనిషి ఒకాయన మా అద్దాల్లోంచి చూసి నెత్తి మీది గొంగడి సర్దుకుని జాలిపడ్డాడు. ఇంత చేసినా ముల్లు హెచ్ మీద నుంచి వెంట్రుక వాసి కదల్లేదు. కదలకపోయేసరికి హీటర్ ఇంకా పెంచాలని మీట మళ్ళీ మళ్ళీ తిప్పాను. అది అప్పటికే చివరకు వచ్చేసింది.

మరి అత్త? నోరెత్తలేదు. పక్కన ఇంకెవరున్నా నన్ను చంపి, కారును తగలబెట్టి, నడిచి పోయేవాళ్ళు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. మెడ తడిసింది, రవిక తడిసింది, కనకాంబరాలు వడిలి చెవి మీదికి వాలాయి. మధ్యలో ఒకసారి ఆపుదామా అత్తా అని అడిగాను. వద్దని చెయ్యి ఊపింది. ఎంత ఓర్పు ఈ మనిషికి అని నేను ఆ మంటలో కూడా మురిసిపోయాను. మేనల్లుడు చిన్నబుచ్చుకోకూడదని ఇంత చెమటను మింగి కూర్చున్నదంటే, ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది.

మా వాకిలి ముందు కారు ఆగేసరికి ఎండ నడినెత్తి దాటిపోయింది. నాన్న అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. బియ్యం, పీటలు లోపల పెట్టేయమని అప్పటికే అమ్మతో అన్నాడట. అమ్మ విననట్టు ఊరుకుంది. కారు చప్పుడుకు నాన్న తిరిగాడు గానీ లేవలేదు. అత్త దిగింది. దిగి, వాకిట్లో సగం దూరం నడిచి అక్కడే నిలబడింది. మొహం ఎర్రగా ఉడికిపోయి, కళ్ళు వాచి, తల నుంచి కాళ్ళ దాకా తడిసి ఉంది.

"పొద్దు వోయింది తమ్మీ," అంది. "నువ్వు ఒడి వొయ్యనంటే పోత."

నాన్న ఆమె మొహం వైపు చూశాడు. చూస్తూ చూస్తూ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలే బండల మీద నడిచి వచ్చాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. అవి నిప్పుల్లా ఉన్నట్టున్నాయి, ఒకసారి ఉలిక్కిపడి మళ్ళీ పట్టుకున్నాడు.

"అయిజ కాన్నుంచి గిట్ల ఏడ్సుకుంటనే వస్తున్నవా అక్కా?"

నేను కారు పక్కన నిలబడి, కాదు నాయనా అది నా హీటర్ చెమట అని చెప్పబోయాను. నోరు తెరిచేసరికి అత్త నా వైపు ఒక్క చూపు చూసింది. చిన్నప్పటి నుంచి తెలిసిన చూపే. నోరు మూసుకున్నాను.

"ఏడ్వనా మరి," అంది ఆమె తమ్ముడితో.

మా నాన్న అందరిముందూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. తప్పు నాదే అక్కా, పెండ్లికి నేనే బొట్టు వట్టుకొని రావల్సుండె అన్నాడు. ఘడియ దాటిపోయిందని ఎవరో ముసలామె గుర్తుచేస్తే, "ఘడియ గిడియ జాన్తా నై, పీట ఎయ్యుండ్రి," అన్నాడు. అత్త కొంగు పట్టింది. అమ్మా నాన్నా దోసిళ్ళతో పోస్తుంటే పసుపు బియ్యం ఆ తడిసిన చీరకు అతుక్కుపోయాయి. కాసేపటికి ఆమె నవ్వింది. లోపల్లోపల నాకు ఒక గర్వం కూడా ఉంది. నా హీటర్ వల్లే కదా కలిశారు, చెమటను చూసి కన్నీళ్ళనుకున్నాడు మా అమాయకపు నాన్న అని.

భోజనాలయ్యాక నలుగురినీ పిలిచి, ఈ కారుకు ఏం రోగమో చూపిస్తానని బానెట్ ఎత్తాను. రోగం కనబడింది. నేను చుట్టిన నల్లటేపు వేడికి జారి కింద వేలాడుతోంది. నేను పళ్ళతో కొరికి లాగిన రాగి తీగ వంగి ఇంజన్ ఇనుము మీద హాయిగా పడుకుని ఉంది. వేలితో పైకి ఎత్తగానే, లోపల తాళం తిప్పి కూర్చున్న సుజాత పడింది అని చెప్పింది. ఇంజన్‌కు దారి పొడుగునా ఏమీ కాలేదు. అయినదంతా మాకే. అక్కడున్నవాళ్ళకు విషయం అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆగడానికి సాయంత్రం దాకా పట్టింది.

నేను తలొంచుకుని అత్త దగ్గరికి పోయాను. వసారాలో కూర్చుని ఒడిబియ్యం మూట ముడి సరిచేసుకుంటోంది. జరిగింది చెప్పి, తప్పయింది అత్తా, నిన్ను ఊరికే ఉడకబెట్టిన అన్నాను.

"నాకు వనపర్తి కాన్నే తెల్సు," అంది, తలెత్తకుండా.

ఏం తెలుసని అడిగాను. జ్వరమొచ్చిన పిల్లకు నుదురు చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసిందట. ఎండకు కాలినంతే కాలింది తప్ప ఇంకేం లేదట. పైగా తాళం తిప్పగానే ముల్లు పైకి దూకుతోంది, అంత తొందరగా చాయ్ కూడా కాగదు కదా అంది.

"మరి హీటర్ బంద్ జెయ్యమని ఒక్క మాట అనొద్దా అత్తా?"

ఆమె మూట పక్కన పెట్టి నన్ను దగ్గర కూర్చోమంది. గొంతు తగ్గించి చెప్పింది.

"అయిజ కాన్నుంచి నాకు పోబుద్ధి గాలేదురా. కారు ఆగినప్పుడల్ల, ఇగ చెడిపోతె మంచిగుండు అనుకున్న. వనపర్తి కాడ నువ్వు వెనక్కి పోదమనంగనే తెల్సింది, నాకు వెనక్కి పోవుడు అస్సల్కే ఇష్టం లేదని. గప్పుడు సురువైంది ఏడుపు. ఇంత పెద్దగైన పిల్లగాడు పక్కన కూసున్నడు, వానిముంగట ఎట్ల ఏడ్వాలె? నువ్వు గా ఉడుకు వెడ్తివి. అండ్ల ఎవరి కండ్లు ఏమైనయో ఎవరికి కనవడ్తది? బంద్ జేస్తవేమోనని నాకు పరేషాన్ ఉండె."

గోపాల్‌పేట నుంచి మా వాకిలి దాకా పక్కనే కూర్చుని, ఆమె చెంపల మీద కారే నీళ్ళు చూస్తూ, ఎంత చెమట అని జాలిపడుతూ కారు తోలాను. దూరం నుంచి ఒక్క చూపు చూసిన నాన్న సరిగ్గా చెప్పాడు. ఆయనను అమాయకుడని నవ్వుకున్నది నేను.

"మీ నాయన సక్కగనే సూసిండు," అంది అత్త లేస్తూ. "నీకు ఆ ముల్లు తప్ప ఇంకోటి కనవడకపాయె."

ఈ ముక్క మాత్రం ఇంట్లో చెప్పుకునే కథలో లేదు. రాసుకుంటానని మొన్న అయిజ పోయి అడిగితే, "రాయి. ఇప్పుడు తెలిస్తె ఏమైతది," అంది. నాన్న ఇప్పుడు నెలకోసారి అక్కను చూసిరావడానికి అయిజ పోతున్నాడు. బస్సులోనే పోతున్నాడు, నా కారెక్కమంటే వినడం లేదు.

కనుక, చదువుతున్న పెద్దలందరి సాక్షిగా, కృష్ణ వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో కారు బానెట్ ఎత్తను. ఎత్తినా వైరు పీకను. పీకినా పళ్ళతో కొరకను. ముల్లు ఏం చెప్పినా ముందు చెయ్యి పెట్టి చూస్తాను, పక్కన కూర్చున్న మనిషి మొహం కూడా చూస్తాను. ఎండాకాలంలో హీటర్ మీట వైపు నా వేలు పోదు. ఆ మీటనే పీకించి పారేయమని మెకానిక్ అన్నాడు. ఉండనివ్వమన్నాను, ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో.